సీసా మీది అంకె

ఫిబ్రవరి 9

అత్త నాకు తెల్లకోటు కొనుక్కొచ్చింది. వేసుకుంటే పాదాల దాకా వచ్చింది. "పర్లేదులే, ఎదుగుతావు" అంది. ఇరవై మూడేళ్ళొచ్చాక నిలువుగా ఎదగాలో అడ్డంగా ఎదగాలో మాత్రం చెప్పలేదు. జేబు మీద ఎర్రదారంతో 'క్వాలిటీ ఆఫీసర్' అని కుట్టించింది. కుట్టిన పక్కింటి కుట్టుమిషనావిడకి చోటు చాలక చివరి అక్షరాన్ని జేబు మడత వెనక్కి తిప్పేసింది. కాబట్టి ప్రస్తుతానికి నేను క్వాలిటీ ఆఫీస.

మైక్రోబయాలజీ డిగ్రీ చేతికొచ్చాక ఇంట్లో కూర్చుని అమ్మ ప్రాణం తోడేస్తున్నానట. అందుకని నాన్న చెల్లెలికి అప్పగించారు నన్ను. వచ్చే నెల దాకానే. పెద్ద ల్యాబుకి దరఖాస్తు పెట్టాను. పిలుపు రాగానే పెట్టె సర్దుకుంటాను.

ఇల్లే ఫ్యాక్టరీ. ముందుగదిలో కౌంటరు. నడిమి గదిలో నా నడుమెత్తు గాజుజాడీలు: క్యారెట్ రసం, అల్లం, చిటికెడు ఉప్పు, పాత జాడీలోంచి ఒక గరిటె. మిగతా పని సూక్ష్మజీవులదే. అవి చక్కెర తిని, పులుపు చేసి, బుడగలు వదులుతూ కూర్చుంటాయి. అత్త పొద్దున్నే జాడీ జాడీకీ చెవి ఆనించి వింటుంది. వెనకగది మామయ్య రాజ్యం. ఆసుపత్రి బాయిలరు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. సీసాలు నింపి, మూతలు బిగించి, కడిగి, తుడిచి ముందుకు పంపేది ఆయనే.

"ఆ గదిలోకి నేనూ పోను" అంది అత్త గర్వంగా. "మొదట్లో మూతలు ఎగిరిపోయేవే. మీ మామయ్య చెయ్యి పడ్డాక ఒక్కటి ఊడితే ఒట్టు."

డ్రింకు పేరు చురుకు. సీసా మీద ఇంతింత అక్షరాలతో: 'ప్రతి సీసాలో వెయ్యి కోట్ల బతికున్న మేలుచేసే సూక్ష్మజీవులు.'

"ఎవరు లెక్కపెట్టారత్తా?"

"ప్రెస్సతను."

"లేబుళ్ళు అచ్చేసే అతనా?"

"ఇంకో కంపెనీ వాళ్ళది ఎనిమిది వందల కోట్లట. వెయ్యి అయితే చూట్టానికి నిండుగా ఉంటుందన్నాడు. నిజమే కదా, చూడు."

చూశాను. నిండుగానే ఉంది.

ఫిబ్రవరి 11

పెద్ద దుకాణాల గొలుసు ఒకటి ఉంది కదా, ప్రతి కూడలిలో గాజు తలుపులతో. వాళ్ళ కొనుగోళ్ళ మేడమ్ వచ్చింది. నిలబడే చురుకు తాగింది, నిలబడే మాట్లాడింది. కుర్చీ వేస్తే అందులో బ్యాగు కూర్చుంది.

రుచి బాగుందట. అన్ని కొట్లలోనూ పెడతారట. కానీ సీసా మీది అంకెకి చదువుకున్న మనిషి ఒకరు పరీక్ష చేసి సంతకం పెట్టాలట. అత్త నా భుజం మీద చెయ్యేసి, అంగడిలో గుమ్మడికాయ చూపించినట్టు, "ఇదిగోండి, మా అన్నయ్య కూతురు" అంది.

మేడమ్ నా కోటు కిందనుంచి పైకి చూసి, "మార్చి మొదటివారంలో కాగితం పంపండి" అంది.

ఆవిడ వెళ్ళాక అత్త నడిమి గదిలోకి పోయి జాడీల మధ్య కొంచెంసేపు ఒక్కత్తే నిలబడింది. ఆసుపత్రి వంటగదిలో ఇన్నేళ్ళు ఉప్పులేని గంజి కాచిన మనిషి. తన పేరుమీద ఒక సరుకు ఊరంతా అమ్ముడవడం అంటే ఏమిటో నాకు అర్థమవుతుందనుకుంటాను. నాకెందుకో కోటు కొంచెం పొట్టి అయినట్టనిపించింది.

ఫిబ్రవరి 13

నా ల్యాబు మేడ మీద గది. క్రిమిరహితం చేయడానికి ప్రెషర్ కుక్కరు. మైక్రోస్కోపు మా కాలేజీ పాతసామాన్లలో అమ్మేసినది. ఇంక్యుబేటరు లేదు. దాని బదులు మామయ్య ఎక్కడినుంచో కోడిగుడ్లు పొదిగే పెట్టె పట్టుకొచ్చాడు. మూలల్లో ఇంకా ఈకలున్నాయి.

"వేడి సరిగ్గా సరిపోతుందే. కోడిపిల్లకి సరిపోయింది నీ పురుగులకి సరిపోదా?"

నిజంగానే సరిపోతుంది. ముప్ఫై ఏడు దగ్గర కదలకుండా నిలబడింది.

ఆయన నన్ను పురుగుల డాక్టరమ్మా అని పిలుస్తున్నాడు. పురుగులు కావు మామయ్యా అని మూడుసార్లు చెప్పి మానేశాను.

పని తేలికే. చురుకుని ఉప్పునీళ్ళలో పలచన చేస్తూ, చేస్తూ పోయి, చివరికి ఒక చుక్క ప్లేటులోని పోషక జెల్లీ మీద పోసి పెట్టెలో పెట్టాలి. బతికున్న ఒక్కొక్క సూక్ష్మజీవీ పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. చుక్కలు లెక్కపెట్టి, ఎంత పలచన చేశామో అంతతో గుణించాలి. చచ్చినవి మొలవవు. అంతే.

ఫిబ్రవరి 16

సున్నా.

ఫిబ్రవరి 17

ప్లేట్లు మరీ పలచగా చేశాను. నా తప్పే.

ఫిబ్రవరి 20

ఈసారి చిక్కగా చేశాను. సున్నా. పెట్టె మూలలోంచి ఈక ఒకటి ప్లేటు మీద పడింది. దాని చుట్టూ ఏదో ఆకుపచ్చగా మొలిచింది. ప్రస్తుతం ఈ ఇంట్లో బతికున్నది అదొక్కటే.

పోషక జెల్లీ పాడైపోయి ఉండాలి. లేదా పెట్టె. లేదా కుక్కరు. కుక్కరు మీదే నాకు ఎక్కువ అనుమానం.

"ఎన్ని వచ్చాయే?" అని అత్త మెట్ల కిందనుంచి.

"ఇంకా పెరుగుతున్నాయత్తా."

ఫిబ్రవరి 21

అత్త పైకి వచ్చేసింది. చూపించక తప్పలేదు. ప్లేటు కాదు, మైక్రోస్కోపు. చురుకు చుక్క పెట్టి, రంగు వేసి, ఒక కన్ను మూసుకోమన్నాను. రెండూ మూసుకుంది. తరవాత ఒకటి తెరిచింది.

"ఓరి నాయనో. అగ్గిపుల్లల్లా ఎన్ని ఉన్నాయే."

"అవే."

"ఎంత ముద్దుగా ఉన్నాయి. ఇవి వెయ్యి కోట్లు ఉండవూ? ఎక్కువే ఉంటాయి. ఏం, కదలవే?"

"రంగు వేశాం కదా."

అది అబద్ధం కాదు. రంగు వేస్తే ఏదైనా చస్తుంది. కాకపోతే రంగు వేయకముందు కూడా ఇవి బతికున్నాయో లేదో మైక్రోస్కోపు చెప్పదు, శవమైనా మనిషైనా దానికి అగ్గిపుల్లే. ఈ మాట అత్తకి చెప్పలేదు. మెట్లు దిగుతూ పాట ఎత్తుకుంది.

అమ్మ ఫోన్ చేసింది. అక్కడ ఎలా ఉందని. బాగుంది, వచ్చే నెల వచ్చేస్తానన్నాను.

ఫిబ్రవరి 24

కుక్కరుది తప్పు కాదు. పెట్టెది కాదు. నాదీ కాదు, ఈ మాట రెండుసార్లు రాసుకోవాలనుంది. నాదీ కాదు.

రెండు నమూనాలు ఒకేసారి పెట్టాను. ఒకటి నడిమి గది జాడీలోంచి, ఒకటి కౌంటరు మీది సీసాలోంచి. ఇవాళ పొద్దున పెట్టె తెరిస్తే జాడీ ప్లేటు మీద చుక్కలు, చుక్కల మీద చుక్కలు, కందిరీగల పట్టులాగ. సీసా ప్లేటు అద్దంలా ఉంది. ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

జాడీకీ సీసాకీ మధ్య ఉన్నది ఒక్క వెనకగది.

తలుపు తోసుకుని వెళ్ళాను. కిటికీ అద్దాలు చెమర్చి ఉన్నాయి. పెద్ద గంగాళంలో మూతలు బిగించిన సీసాలు మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి, ఆవిరి పైకి లేస్తోంది. మామయ్య థర్మామీటరు పట్టుకుని, చెమటలు కక్కుతూ, చంటిపిల్లలకి నీళ్ళుపోసే మనిషిలా వాటివంక చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు మామయ్యా?"

"స్నానం. తలుపు వెయ్యి, వేడి పోతుంది."

"ఎంత వేడి?"

"డెబ్బై. అరగంట. ఆసుపత్రిలో పాలసీసాలకీ ఇదే లెక్క" అన్నాడు. "పోయిన ఎండాకాలం వ్యానులో మూతలు లేచిపోతుంటే మీ అత్త ఏడ్చిందే. కొన్నవాళ్ళు సీసాలు తెచ్చి కౌంటరు మీద పెట్టి, మా గోడంతా క్యారెట్టయింది అని తిట్టిపోయారు. నేను ఆలోచించాను. లోపల ఏదో పొంగుతోంది. పొంగేదాన్ని ఆపాలంటే ఏం చెయ్యాలి? వేడి చెయ్యాలి. అప్పట్నుంచి చూడు, ఒక్క మూత లేస్తే అడుగు."

"లోపల పొంగేది అవే మామయ్యా."

"ఏవి?"

"వెయ్యి కోట్లు."

ఆయన థర్మామీటరు వంక చూశాడు. సీసాల వంక చూశాడు. తరవాత చాలా మెల్లగా పొయ్యి ఆపాడు, అప్పుడే ఆపితే కొన్నయినా బతుకుతాయన్నట్టు.

"అన్నీనా?" అన్నాడు.

ఫిబ్రవరి 25

మామయ్య అన్నం సరిగ్గా తినలేదు. అత్తకి చెప్పొద్దన్నాడు. "సంతకం నీదేగా తల్లీ, పెట్టేయి. ఈ ఒక్కసారికి. తరవాత నేనేదో చేస్తాను."

సంతకం పెడితే ఎవరికి నష్టం? ఆలోచించాను. చచ్చిన సూక్ష్మజీవులు కూడా కొంత మేలు చేస్తాయని ఎక్కడో చదివాను. రుచి బాగుంది. అల్లం ఉంది. విషం కాదు. ఎవరి కడుపూ పాడవలేదు, పైగా డెబ్బై డిగ్రీల్లో కాగిన సీసా అంత శుభ్రమైనది ఊళ్ళో ఇంకోటి ఉండదు. తక్కిన కంపెనీలు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నాయి? నేనెలాగూ వచ్చే నెల ఉండను.

ఇదంతా చదువుకుంటే బాగానే ఉంది.

ఫిబ్రవరి 26

బాగాలేదు.

ఫిబ్రవరి 28

తక్కిన కంపెనీలు ఏం ఉద్ధరిస్తున్నాయో చూద్దామని బజారుకి పోయి మూడు రకాలు తెచ్చి ప్లేట్లు పెట్టాను. ఇవాళ తెరిచాను. చాలా రోజుల తరవాత నాకు సరదా అయిన పని.

గొట్టం మాత్రలు: డబ్బా మీద అయిదు వందల కోట్లు. నాకు దొరికినవి యాభై కోట్లు. డబ్బా అడుగున చీమ కాలంత అక్షరాల్లో 'తయారైన నాడు' అని ఉంది. అంటే పుట్టినరోజున ఇంతమంది ఉన్నారు, తరవాత ఎంతమంది పోయారో మా పూచీ లేదు అని. మింగేవాడు తయారైన నాడు మింగుతాడా? ఫ్యాక్టరీ గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడతాడా?

పొడి ప్యాకెట్టు: కర్రల్లా ఉండే జాతి పేరు రాశారు. మైక్రోస్కోపు కింద ఒక్క కర్ర లేదు, అన్నీ పూసలదండలే. పేరు ఒకరిది, కాపురం ఇంకొకరిది.

మూడోది పెరుగు డ్రింకు. రాసినదానికంటే ఎక్కువున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఎక్కువే. నిజాయితీపరుణ్ణి అనుమానించినందుకు దానికి మనసులో క్షమాపణ చెప్పి మిగిలింది తాగేశాను.

కాబట్టి అందరూ దొంగలనే సమర్థింపు కూడా నాకు మిగల్లేదు.

మార్చి 1

కౌంటరు దగ్గర సీసాలు సర్దుతున్నాను. కుట్టుమిషనావిడ వచ్చింది. చురుకు మొదలుపెట్టాక తన కడుపు గడియారంలా పనిచేస్తోందని వీధిలో అందరికీ చెప్పే మనిషి. వెంట వాళ్ళ వియ్యపురాలిని తెచ్చింది. ఆవిడ సీసా తిప్పి చూసి, "ఈ వెయ్యి కోట్లూ నిజంగా ఉంటాయా అండీ, ఊరికే రాస్తారా?" అని అడిగింది.

అత్త నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో రాయలేను. నావైపు చూపించి, "మా అమ్మాయి లెక్కపెట్టింది" అంది.

మేనకోడలు అనలేదు. మా అమ్మాయి అంది.

వియ్యపురాలు నాకేసి చూసి తల ఊపి రెండు సీసాలు తీసుకుంది. నేను మేడ మీదకొచ్చి కోటు విప్పి మేకుకి తగిలించాను.

మామయ్యకి చెప్పాను: నేను సంతకం పెట్టను, నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.

మార్చి 2

ఆయనే చెప్పాడు. అన్నాల దగ్గర. ఉపోద్ఘాతం లేదు.

"ఏమోయ్. సీసాల్లోవి అన్నీ చచ్చినవేనట."

అత్త పప్పు వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. "ఎవరన్నారు?"

"నేనే చంపాను."

మొత్తం చెప్పాడు. గంగాళం, డెబ్బై, అరగంట, పోయిన ఎండాకాలం. అత్త నన్ను చూసింది. నేను పప్పుని చూశాను.

"రోజూనా?" అంది.

"రోజూనే."

"నేను లేవకముందే లేచి, ఆ ఆవిర్లో నిలబడి, రోజూ?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేక."

అత్త కంచం ముందునుంచి లేచి నడిమి గదిలోకి పోయింది. మామయ్య నావంక, ఉరి తప్పిందో లేదో చెప్పమన్నట్టు చూశాడు. కాసేపటికి లోపలినుంచి అత్త గొంతు: "ఆయన్ని తినమను. చల్లారిపోతోంది."

మార్చి 3

అత్త మామయ్యతో మాట్లాడటం లేదు. నేను తపాలా శాఖ.

"మీ మామయ్యని ఆ గంగాళం అటకెక్కించమను."

"మామయ్యా, గంగాళం అటకెక్కించాలట."

"ఎక్కించానని చెప్పు. కళ్ళెదురుగా కనిపిస్తోందిగా."

"కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, బుర్రే పనిచెయ్యట్లేదని చెప్పు."

ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం.

మధ్యాహ్నం అత్త కౌంటరు వెనక నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తానే చెప్పింది. ఇన్నాళ్ళూ మీరు తాగినవాటిలో బతికున్నవి లేవు, మా పొరపాటు, కావాలంటే సీసాలు వెనక్కి ఇవ్వండి. నేను గోడకి అతుక్కుపోయాను. అరుస్తారనుకున్నాను.

కుట్టుమిషనావిడకి మాత్రం కోపమొచ్చింది, అత్త మీద కాదు, వార్త మీద.

"నీకేం తెలుసు? నా కడుపుకి తెలుసు."

"అల్లం వల్ల అయ్యుంటుందమ్మా."

"అల్లం మా ఇంట్లో లేదా?"

"బజారు తిండి మానేశావుగా, దానివల్లేమో."

ఆవిడ ఆలోచించింది. "ఏమో. అయినా నాకు చచ్చినవే ఇవ్వు. నాకు పడ్డాయి. బతికున్నవి లోపలికెళ్ళి ఏం చేస్తాయో ఎవరు చూడొచ్చారు?"

పాత సీసాల లేబుళ్ళు గీరేసి, 'క్యారెట్, అల్లం డ్రింకు. బతికున్నవి ఏమీ లేవు' అని నాచేత చేత్తో రాయించింది అత్త. కుట్టుమిషనావిడ వాటిలో పన్నెండు పట్టుకుపోయింది.

మార్చి 5

కొనుగోళ్ళ మేడమ్‌కి అత్త ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమని నాకు సైగ చేసింది.

అంతా విని మేడమ్, "ఇంతకీ రుచి మారదుగా?" అంది.

"మారొచ్చండి. కొంచెం బుసబుసలాడుతుంది."

"మరి మూతలు లేస్తే నాకు గొడవండి. చూడండి, అందరూ ఏదో ఒక అంకె వేస్తారు. ఎవరూ సీసా తెరిచి లెక్కపెట్టరు. మీ అమ్మాయి సంతకం పెట్టేస్తే సోమవారం బండి పంపుతాను."

అత్త కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క క్షణం నాకు భయమేసింది. ఆవిడ 'సరే' అంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. కాదనగలనా? తన ఇంట్లో, తను కొనిచ్చిన కోటులో?

"మా అమ్మాయి లెక్కపెడుతుందండి" అంది అత్త. "అందుకే కుదరదు. నాకు కొంచెం టైమివ్వండి."

"షెల్ఫు ఖాళీగా ఉంచలేనండి. ఏప్రిల్లో చోటుంటే చూద్దాం."

ఫోన్ పెట్టేశాక అత్త మామయ్యతో నేరుగా మాట్లాడింది, తనకి తెలియకుండానే. "అలా చూస్తూ కూర్చుంటారేం, మూతలు లేవకుండా ఏం చెయ్యాలో చూడండి."

మార్చి 8

మూతలు ఎందుకు లేస్తాయి? జాడీలో ఇంకా చక్కెర మిగిలి ఉండగానే సీసాల్లో పోస్తున్నాం. అవి సీసాలో కూర్చుని మిగిలింది తింటూ గాలి వదులుతున్నాయి. జాడీలోనే ఇంకొన్నాళ్ళు ఉంచి, తిండి అయిపోనిచ్చి, అప్పుడు సీసాలో పోసి చల్లగా ఉంచితే? ఆకలితో, చలితో, ముడుచుకుని పడుకుంటాయి. చావవు.

ఎక్కువ పులుపవుతుందే అంది అత్త. క్యారెట్ పెంచుదాం అన్నాను. చక్కెర పెరుగుతుందే అంది. అల్లం తగ్గిద్దాం అన్నాను. అల్లం జోలికి రాకు అంది.

మార్చి 10

పేలింది. అల్లం జోలికి వెళ్ళకపోవడం వల్ల కాదు, తొందరపడ్డాం. మేడ గది పైకప్పు క్యారెట్టయింది.

మార్చి 15

పేలలేదు.

మార్చి 16

ఉత్తరం సంగతి రాయడం మర్చిపోయాను. పెద్ద ల్యాబు నుంచి పిలుపు వచ్చింది, మొన్ననే. వచ్చే సోమవారం రమ్మన్నారు. సోమవారం నాకు ప్లేట్లున్నాయి. తరవాతి వారం రావచ్చా అని రాశాను.

మార్చి 19

వ్యానతను వచ్చాడు. గొంతు పెద్దది కాబట్టి అందరూ హారన్ అంటారు. మళ్ళీ బతికున్న సీసాలంటే ససేమిరా ఎక్కించనన్నాడు.

"పోయిన ఏడు ఏమైందో మర్చిపోయారా అమ్మగారూ? సిగ్నల్లో ఆగితే వెనక నుంచి టపటపా. పోలీసాయన వచ్చి చేతులెత్తమన్నాడు."

మామయ్య అతని చెయ్యి పట్టుకుని వెనకగదిలోకి తీసుకుపోయాడు. అక్కడ ఒక పెట్టె తయారవుతోంది. బాయిలరు గొట్టాలకి చుట్టే దూది పలకలు, రేకులు, తలుపుకి రబ్బరు. లోపల మంచు పలకలకి అర.

"ఇన్నేళ్ళూ వేడి బయటికి పోకుండా చూశానురా నేను. ఇప్పుడు వేడి లోపలికి రాకుండా చూస్తాను. పని ఒకటే, మనం ఏ పక్కన నిలబడ్డామన్నదే తేడా."

హారన్ లోపల తల పెట్టి చూశాడు. "ఇందులో నేను కూర్చోవచ్చా అంకుల్, ఎండాకాలం?"

మార్చి 27

సీసాలు మూడు వరసలు పెట్టాను. ఒకటి ఫ్రిజ్జులో. ఒకటి మామయ్య పెట్టెలో రోజూ వ్యానులో తిరిగేది. ఒకటి కౌంటరు మీద, ఇంటికెళ్ళి ఫ్రిజ్జులో పెట్టడం మర్చిపోయే జనం కోసం. గడువు తేదీ దాకా ప్రతివారం లెక్కపెట్టాలి. నిండుగా ఉన్న మొదటి రోజు అంకె నాకు అక్కర్లేదు. ఆఖరి రోజు తాగేవాడి కడుపులోకి ఎన్ని పోతాయన్నదే కావాలి.

పెద్ద ల్యాబువాళ్ళు సరేనన్నారు. అయితే తరవాతి వారం కూడా నాకు ప్లేట్లున్నాయి.

ఏప్రిల్ 14

అయింది.

మొదటిరోజు పన్నెండు వందల కోట్లు. అత్తకి ఈ ఒక్క మాట చెప్పి ఆగిపోదామా అనిపించింది. ఆవిడ ముఖం అలా వెలిగింది. ఆఖరిరోజు, వ్యానులో తిరిగిన వరసలో, రెండు వందల కోట్లు. కౌంటరు మీద మర్చిపోయిన వరసలో ఇంకా తక్కువ. అందుకని 'చల్లగానే ఉంచాలి' అని పెద్ద అక్షరాల్లో వేస్తాం.

"వెయ్యికి ఎనిమిది వందలు పోయాయా?" అంది అత్త.

"మనం అమ్మిన సీసాల్లో వెయ్యి ఎప్పుడూ లేవత్తా. సున్నా నుంచి రెండు వందలు వచ్చాయి."

చాలాసేపు లేబులు నమూనా వంక చూసింది. "రెండు వందలంటే ఖాళీగా కనబడుతుందే" అంది. తరవాత పెన్ను నాకిచ్చింది.

నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. ఇంటిపేరుతో సహా.

ఏప్రిల్ 17

మేడమ్ ఈసారి కూర్చుంది. మామయ్య వేసిన కుర్చీలో బ్యాగు నేల మీద పెట్టి మరీ.

"పక్కనున్న అరల్లో అన్నీ ఎనిమిది వందలు, వెయ్యి, పదిహేను వందలు. మధ్యలో మీది రెండు వందలు. ఎవరు తీసుకుంటారండీ?"

"గడువు ఆఖరి రోజుకి రెండు వందలండి" అన్నాను. "అది కూడా రాశాం."

"రాశారు. ఎవరు చదువుతారు?"

అత్త గ్లాసులో పోసి ఇచ్చింది. మేడమ్ తాగింది, ముక్కులోకి బుడగ పోయి తుమ్మింది, మళ్ళీ తాగింది. గ్లాసు కింద పెట్టి నా కాగితాలన్నీ మొదటి నుంచి చదివింది. మాత్రల డబ్బా పరీక్ష కూడా అందులో ఉందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. చదివి, "ఇవి మా ఇంట్లో మా అమ్మ వేసుకుంటుంది" అంది. కొంచెం ఆగి, "రోజూ" అంది.

అన్ని కొట్లలో కాదు. ఒక్క కొట్లో. ఒక్క అర, అదీ కింది వరస, ఫ్రిజ్జులో. నెల చూసి చెప్తుందట.

ఆవిడ వెళ్ళాక అత్త, "ఒక్కటేనా" అంది. మామయ్య, "ఒక్కటి" అన్నాడు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు తెలియలేదు, కానీ నేనూ నవ్వాను.

ఏప్రిల్ 24

ఇవాళ మొదటిరోజు. కొట్టు తెరవకముందే వెళ్ళి గాజు తలుపు బయట నిలబడ్డాను. కోటు వేసుకోలేదు. మామూలు మనిషిలా బుట్ట పట్టుకుని ఫ్రిజ్జు చుట్టూ తిరిగాను. కాపలా అతను నన్ను రెండుసార్లు చూశాడు.

మనుషులు లేబులు ఎలా చదువుతారో ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చదవరు. అంకె చూస్తారు. ఒకావిడ మా సీసా తీసింది, పదిహేను వందలది తీసి పక్కపక్కన పెట్టి పోల్చింది, మాది పెట్టేసింది. అదీ తప్పు అరలో. వెళ్ళాక సర్దాను. ఇంకో కుర్రాడు రంగు చూసి తీసి, బరువు చూసి, పెట్టేశాడు. ఒకమ్మాయి ఫోటో తీసుకుని పోయింది. నా వయసే. అదేం చేసుకుంటుందో.

మధ్యాహ్నానికి ఒక్కటి కూడా కదల్లేదు. నేనే రెండు తీసి బుట్టలో వేసుకున్నాను. అర కొంచెం ఖాళీగా ఉంటే అమ్ముడవుతున్నట్టు కనిపిస్తుంది కదా.

తరవాత ఒక పెద్దాయన వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి ఆఖరు అక్షరం దాకా చదివాడు. అడుగున నా పేరు దాకా. చదివి, పక్కనున్న నన్ను అడిగాడు, నేనూ కొనేదాన్నే అనుకుని.

"ఏమ్మా, వీళ్ళవి ఎందుకింత తక్కువ?"

ఏం చెప్పాలో వారం రోజులుగా మనసులో తయారు చేసుకున్నాను. గడువు తేదీ, తయారైన నాడు, చక్కెర, చల్లదనం. ఒక్కటీ రాలేదు.

"లెక్కపెట్టారు కాబట్టి బాబాయిగారూ."

ఆయన నన్ను చూశాడు. సీసాని చూశాడు. పక్కనున్న పదిహేను వందలదాన్ని చూశాడు. గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, నవ్వో దగ్గో. మా సీసా బుట్టలో పెట్టుకుని పోయాడు.

బయటికొచ్చి అత్తకి ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది. వెనక మామయ్య "ఎన్ని, ఎన్ని" అంటున్నాడు.

"మూడు పోయాయత్తా."

అవతల జాడీల బుడగలు వినిపించాయి, లేదా వినిపించాయనుకున్నాను.

"నువ్వు కొన్నవి తీసేస్తే?"

"...ఒకటి."

"మరి ఒకటని చెప్పు" అంది అత్త. ఫోన్ పక్కకి తిప్పి గట్టిగా, ఇల్లంతా వినపడేలా, "ఒకటటండీ" అంది.